అల్మారాలో రాక్షసుడికే మనమంటే భయం! | మాన్‌స్టర్స్ ఇంక్ రివ్యూ

నమస్తే అండీ. ఈరోజు 2001లో వచ్చిన మాన్‌స్టర్స్ ఇంక్ గురించి మాట్లాడుకుందాం. పిక్సార్ వాళ్ల యానిమేషన్ సినిమా, పీట్ డాక్టర్ డైరెక్టర్‌గా మొదటిసారి తీసింది. నిడివి గంటన్నర. మొన్న ఐదేళ్ల మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చూశాను. ఇద్దరం ఒకే చోట నవ్వుతున్నాం. కానీ తను నవ్వేది ఒకందుకు, నేను నవ్వేది ఇంకొకందుకు.

కథ టూకీగా చెప్పేస్తాను. రాక్షసుల ఊరికి కరెంటు పిల్లల కేకల నుంచి వస్తుంది. ఆ కేకలు పట్టుకురావడానికి ఓ ఫ్యాక్టరీ ఉంది. ఉద్యోగులు అల్మారా తలుపుల్లోంచి పిల్లల గదుల్లోకి వెళ్లి, భయపెట్టి, ఆ కేకని సిలిండర్‌లో నింపుకొస్తారు. అందులో నంబర్ వన్ సల్లీ, నీలం బొచ్చుతో కొండంత ఉంటాడు. అతని జోడీ మైక్, ఆకుపచ్చ బంతికి ఒక కన్ను పెట్టినట్టు ఉంటాడు. ఒక రాత్రి ఓ చిన్న పాప తలుపు దాటి ఇటువైపు వచ్చేస్తుంది.

మరి ఈ రాక్షసులకి పిల్లలంటే ప్రాణభయం! పిల్లల్ని ముట్టుకుంటే చచ్చిపోతామని నమ్ముతారు. ఒక ఉద్యోగి వీపుకి ఎవరో పిల్లల సాక్సు ఒకటి అంటుకుని వస్తుంది. అంతే, ‘2319’ అని ప్రమాదం కోడ్ చెబుతూ ఒకటే అరుపులు, సైరన్లు. పసుపు సూట్లవాళ్లు దూకేస్తారు, ఆ ఒక్క సాక్సుని మూతపెట్టి మరీ పేల్చేస్తారు, పాపం అతనికి ఒళ్లంతా గొరిగేస్తారు. మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. రోజూ పడుకునే ముందు అల్మారా తలుపు వేశానో లేదో రెండుసార్లు చూడమనే పిల్ల తను. లోపలున్నవాడు తన సాక్సు చూసి వణికిపోతున్నాడంటే ఆ పిల్లకి ఎంత ధైర్యం! ‘ఏం లేదమ్మా, పడుకో’ అని నేను ఎన్నిసార్లు చెప్పినా రాని ధైర్యం అది.

నేను నవ్వింది ఆ ఫ్యాక్టరీని చూసి. గోడ మీద స్కోర్ బోర్డు, ఎవరెన్ని కేకలు తెచ్చారో లెక్క. నంబర్ టూ వాడికి నంబర్ వన్ అంటే కడుపుమంట. రిపోర్టులు ఇవ్వలేదని మైక్ వెంటపడే రోజ్ అనే ఆవిడ. కంపెనీ యాడ్ టీవీలో వస్తే మైక్ మొహం మీద సరిగ్గా లోగో పడుతుంది. అయినా టీవీలో వచ్చానని అతని సంతోషం చూడాలి! ఉద్యోగం చేసేవాళ్లకి ఇదంతా తెలిసిన ప్రపంచమే. పిల్లల కోసం కోతి చేష్టలు, పెద్దల కోసం వేరే జోకులు అని విడివిడిగా పెట్టలేదు, ఉన్న సీనే రెండు వయసులకీ పనిచేస్తుంది. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా నచ్చింది అదే.

పాప పేరు బూ. ఆ గొంతు మేరీ గిబ్స్ అనే నిజం పసిపిల్లది. అంత చిన్నపిల్ల మైకు ముందు నిలబడి డైలాగ్ చెప్పలేదు కదా, అందుకని తను ఆడుకుంటుంటే మైకు పట్టుకుని వెనకాలే తిరిగి రికార్డు చేశారు. బూ మాటల్లో సగం అర్థం కాని ముద్దుమాటలే ఉండటానికి కారణం అది. సల్లీ ఒంటి మీద దాదాపు 23 లక్షల వెంట్రుకలు ఉన్నాయి. మంచులో పడి లేచినప్పుడు గాలికి అవి కదలడం చూడండి, చెయ్యి పెట్టి నిమరాలనిపిస్తుంది. ఇందులో పాటకి సంగీత దర్శకుడు రాండీ న్యూమన్‌కి ఆస్కార్ వచ్చింది, 16వ నామినేషన్‌కి మొదటి ఆస్కార్ అది.

ఇప్పుడు నన్ను పట్టేసిన సీన్. కొత్తవాళ్లకి ఎలా భయపెట్టాలో చూపించమని బాస్ సల్లీని నిలబెడతాడు. బూ అక్కడే ఉంది. సల్లీకి చెయ్యాలని లేదు, కానీ బాస్ వదలడు. గట్టిగా గర్జిస్తాడు. బూ ఏడుస్తూ వెనక్కి వెనక్కి పోతుంది. దగ్గరికి తీసుకోబోతే అతన్ని చూసే జడుసుకుంటుంది. అప్పుడు సల్లీ తలెత్తి చూస్తే, ఎదురుగా మానిటర్ల నిండా పళ్లన్నీ బయటపెట్టిన తన మొహమే. ఆ పాప ఇప్పుడు చూసిన మొహం అదన్నమాట. నేను ఒక్కసారిగా మౌనం అయిపోయాను. ఆ మధ్య పని టెన్షన్‌లో ఇంట్లో గట్టిగా అరిచిన రోజు, మా అమ్మాయికి నా మొహం ఎలా కనిపించి ఉంటుందో ఆ క్షణంలో తెలిసింది. తను మాత్రం ‘సల్లీ సారీ చెప్తాడా?’ అని అడిగింది. చెప్తాడమ్మా అన్నాను.

ఒక చిన్న జాగ్రత్త. రాండల్ అనే విలన్ ఊసరవెల్లిలా గోడలో కలిసిపోయి ఉన్నట్టుండి ఊడిపడతాడు, కేకలు బలవంతంగా లాగే మెషీన్ కూడా ఒకటి ఉంది. నాలుగేళ్ల లోపు పిల్లలైతే లైటు వేసుకుని, పక్కనే కూర్చుని చూడండి. మధ్యలో మంచుకొండల భాగం కాస్త నెమ్మదిస్తుంది. ఆ తర్వాత పట్టాల మీద వేలాది తలుపులు వేలాడుతూ పరిగెత్తే ఛేజ్ వస్తుంది చూడండి, ఆ పది నిమిషాల కోసమైనా పెద్ద స్క్రీన్ మీద చూడాలి.

చివరి షాట్ చెప్తున్నాను, సినిమా చూడనివాళ్లు ఇక్కడ ఆపేయండి. ముక్కలైన బూ తలుపుని మళ్లీ అతికించారు. ఒకే ఒక్క చెక్కముక్క తక్కువ, అది సల్లీ దగ్గరుంది. పెడతాడు, తలుపు తీస్తాడు. లోపల్నించి ‘కిట్టీ’ అని ఒక పిలుపు, బూ సల్లీని పిలిచే పేరు అది. బూని చూపించరు. సల్లీ మొహం వెలిగిపోతుంది, సినిమా అయిపోతుంది. మా అమ్మాయి నా వైపు తిరిగి, ‘పాప ఎంత పెద్దదైంది నాన్నా?’ అంది.