రిటైరైన మర్నాడు

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు నలుగురు: విశ్రాంత బ్యాంకు మేనేజరు, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు, ఆర్టీసీలో పనిచేసి విరమించిన డ్రైవరు, వృద్ధులకు చికిత్స చేసే వైద్యురాలు.)

సంధానకర్త: నమస్కారం. సలహాల జోలికి తర్వాత వెళ్దాం. శాలువా, దండ, సన్మాన పత్రం అన్నీ అయిపోయాక, మర్నాడు పొద్దున పదిన్నరకు ఏం చేశారో ముందు చెప్పండి. మేనేజరు గారూ, మీతో మొదలుపెడతాను.

మేనేజరు: ఫ్రిజ్ తుడిచాను. (నవ్వులు) నిజమే చెబుతున్నాను. తుడిచి ఊరుకోకుండా పచ్చడి సీసాల మీద తేదీలు రాసి చీటీలు అంటించాను. మూడో రోజుకు పప్పుల డబ్బాల వరుస మార్చాను. నాలుగో రోజు మా ఆవిడ నిలదీసింది: "ముప్పై ఆరేళ్లుగా ఈ బ్రాంచికి నేను మేనేజర్ని. మీకు ఇక్కడికి బదిలీ ఎవరిచ్చారు?"

ప్రధానోపాధ్యాయురాలు: మంచి ప్రశ్న వేశారావిడ. నా సంగతి వేరు. బడి నుంచి విరమించాను, వంటింటి నుంచి నన్నెవరు విరమింపజేశారు? ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ "అమ్మకు బడి ఉంది" అని కొన్ని పనులైనా ఎవరివి వాళ్లు చేసుకునేవారు. రిటైరైన వారానికే "ఇంట్లోనే ఉంటున్నావుగా" మొదలైంది. ఖాళీ సమయం ఎలా గడుపుతున్నారని నన్నడిగితే, ఆ ఖాళీ ఎక్కడుందో చూపించమంటాను.

సంధానకర్త: అమెరికా కూడా వెళ్లొచ్చారు కదా మేడమ్?

ప్రధానోపాధ్యాయురాలు: రెండు పురుళ్లకు, రెండుసార్లు. ఆరేసి నెలలు. మా తరం తల్లులను ఎవరినైనా అడగండి, పెట్టెలో సగం కారప్పొడి, ఇంగువ, శొంఠి. చూసేవాళ్లు దాన్ని విహారయాత్ర అంటారు. మనవరాలిని ఎత్తుకోవడం ఆనందమే, కాదనను. కానీ తిరిగొచ్చి తాళం తీసిన రోజున సొంత ఇల్లే మనల్ని ఎవరన్నట్టు చూస్తుంది. తులసి ఎండిపోయి ఉంటుంది. పక్కింటివాళ్లు మారిపోయి ఉంటారు.

సంధానకర్త: మీరు 62 ఏళ్లకు విరమించారు. మీ నాన్నగారు ఇంకా ముందే విరమించారని ఇందాక చెప్పారు.

ప్రధానోపాధ్యాయురాలు: 1983లో. అప్పటి ప్రభుత్వం విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. నాన్నకు అప్పటికే 56 నిండాయి. సర్దుకోవడానికి వ్యవధి లేదు, ఉన్నపళంగా ఇంటికి వచ్చేశారు. తర్వాత ఆ వయసు మళ్లీ 58కి వెళ్లింది, 2014లో 60 అయింది, 2022లో 62. నాన్న చాలాకాలం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు తీసుకుని, వీధి చివరిదాకా వెళ్లి వచ్చేవారు. అప్పుడు మేము నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

డ్రైవరు: అమ్మగారూ, ఆ మాట వింటే నాకు మా డిపో గుర్తొచ్చింది. రిటైరైన కొత్తలో నేనూ బస్టాండుకు వెళ్లి కూర్చునేవాణ్ణి. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్లే బండి నాది. అది టైముకు కదిలిందా లేదా అని చూసేవాణ్ణి. కదలకపోతే ఇంటికొచ్చినా మనసు కుదిరేది కాదు. నాకేం సంబంధం చెప్పండి!

సంధానకర్త: ఇప్పుడు మీ వ్యాపకం ఏమిటి?

డ్రైవరు: వ్యాపకం అనకండి సార్, అవసరం అనండి. మాది ఈపీఎస్-95 పింఛను, అంటే 1995లో పీఎఫ్ వాళ్లు తెచ్చిన ఉద్యోగుల పింఛను పథకం. జీతం ఎంతున్నా లెక్కకు పట్టే పరిమితి 15,000. దాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగిస్తారు. 2014కు ముందు ఆ పరిమితి 6,500 ఉండేది, పాత సర్వీసుకు దాన్నే చూస్తారు. చివరికి చేతికొచ్చేది ఎంతో మీరే లెక్క వేసుకోండి. అందుకే యాక్టింగ్ డ్రైవరుగా వెళ్తున్నాను. ఈ ఊళ్లో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు బోలెడు. కారు కవరు కప్పుకుని నిలబడి ఉంటుంది, నడిపేవాళ్లు ఉండరు. ఆ పెద్దవాళ్లను ఆసుపత్రికి, గుడికి, పెళ్లికి తీసుకెళ్తాను.

మేనేజరు: అంటే పెద్దవాళ్లకు పెద్దవాడే డ్రైవరు.

డ్రైవరు: కుర్రవాళ్లయితే తొందరపెడతారట సార్. నాకు నలభై మందిని కుదుపు లేకుండా తీసుకెళ్లిన అలవాటు. ఒక పెద్దాయనైతే పని లేకపోయినా పిలుస్తారు. బ్యారేజీ మీదుగా సీతానగరం దాకా వెళ్లి వెనక్కి రావాలి, అంతే. దారి పొడవునా తన ఉద్యోగం కబుర్లు చెబుతారు. నేను నావి చెబుతాను.

వైద్యురాలు: నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి మందుతో పాటు ఇదే కావాలి. ఒక సంగతి చెప్పనా? పెద్దాయన నలుగురిలోకి రావడం మానేస్తే "వయసు మీదపడింది, విరక్తి" అనుకుంటారు ఇంట్లో. చాలాసార్లు అది విరక్తి కాదు, చెవులు. మాట సరిగ్గా వినబడక, మళ్లీ మళ్లీ అడగడానికి మొహమాటపడి, నెమ్మదిగా తప్పుకుంటారు. వినికిడి తగ్గినవాళ్లకు మతిమరుపు జబ్బు ముప్పు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. కళ్లద్దాలు పెట్టుకోవడానికి లేని నామోషీ చెవి యంత్రానికి ఎందుకో నాకు అర్థం కాదు.

మేనేజరు: (చెవి తడుముకుంటూ) నాది ఇంట్లో ఉంది డాక్టరు గారూ.

వైద్యురాలు: ఇంట్లో ఉంటే అది వింటుంది, మీరు కాదు. (నవ్వులు)

సంధానకర్త: ఫ్రిజ్ తర్వాత ఏం జరిగింది మేనేజరు గారూ?

మేనేజరు: రెండేళ్లు వృథా చేశాను. టీవీ, వాట్సాప్, పార్కులో రాజకీయాలు. ఒకసారి రామమోహన గ్రంథాలయంలో కూర్చుని ఉంటే ఒక కుర్రవాడు తెలుగు వికీసోర్స్ చూపించాడు. పాత పుస్తకాలను ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టే చోటు అది. పాత పుస్తకాల పుటలను యంత్రం చదివి అక్షరాలుగా మారుస్తుంది. ధ, థ తేడా దానికి అంతంతమాత్రం. 'వు'ను 'మ' అంటుంది. మనం పుటను పక్కన పెట్టుకుని దిద్దాలి. దిద్దకముందు ఆ పుట గుర్తు ఎరుపు, దిద్దాక పసుపు, మరొకరు సరిచూశాక ఆకుపచ్చ. నేను దిద్దిన పుటను నేనే ఆకుపచ్చ చేయడానికి వీల్లేదు. అది చూడగానే ప్రాణం లేచొచ్చింది. బ్యాంకులో మేకర్, చెకర్ పద్ధతి ఇదే! ఒకరు వేసిన పద్దు మరొకరు చూడాలి. ఇప్పుడు రోజుకు నాలుగు పుటలు.

ప్రధానోపాధ్యాయురాలు: గ్రంథాలయోద్యమం పుట్టిన ఊరండీ ఇది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు ఇక్కడే గ్రంథాలయ మహాసభ జరిపించారు. మీ పని ఆ దారిలోదే.

మేనేజరు: అంత పెద్ద మాట వద్దు మేడమ్. నేను దిద్దిన పుట సరిచూడటానికి ఎక్కడో ఒకరు ఉన్నారు. ఎవరో తెలియదు. నాలుగు రోజులు నేను కనబడకపోతే "క్షేమమేనా" అని సందేశం పెట్టారు. నాకు అది చాలు. పార్కులో అయితే నా బెంచీ మీద ఇంకొకరు కూర్చుంటారు, అంతే.

సంధానకర్త: ఫోన్‌లో ఒక శ్రోత ఉన్నారు. పటమట నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: మావారు రిటైరై ఐదు నెలలైంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా హాల్లోనే. నేను ఫోన్ మాట్లాడినా ఎవరని అడుగుతారు. కూరలో ఉప్పు వేస్తుంటే వెనక నిలబడతారు. ఆయన మంచివారే, ఏ దురలవాటూ లేదు. కానీ పగటిపూట ఆయన్ని ఎక్కడికి పంపాలో చెప్పండి!

(అందరూ నవ్వుతారు.)

సంధానకర్త: ఎవరు చెబుతారు?

ప్రధానోపాధ్యాయురాలు: ఎక్కడికీ పంపకమ్మా. నువ్వు వెళ్లు. నాలుగు రోజులు అక్క ఇంటికో, చెల్లెలి ఇంటికో. వంటిల్లు ఆయనకు వదిలిపెట్టు.

శ్రోత: ఆయనకు టీ పెట్టడం కూడా రాదండీ.

మేనేజరు: నాకూ రాదు. అంటే, వచ్చేది కాదు. ఇప్పుడు వచ్చు. పాలు పొంగించడం మాత్రం మానలేదు.

డ్రైవరు: అమ్మా, మీవారికి కారు నడపడం వచ్చా?

శ్రోత: వచ్చు. ఎందుకండీ?

డ్రైవరు: ఆదివారం నాకు రెండు పిలుపులున్నాయి. ఒకటి తెనాలికి, ఒకటి గన్నవరం విమానాశ్రయానికి. రెండూ ఒకే టైముకు. ఆయన ఒకటి చూసుకుంటారేమో కనుక్కోండి. నంబరు వీళ్లకు ఇచ్చి వెళ్తాను.