హిరోసాకి కోట: పూల వెనక కత్తెర

అందరికీ నమస్కారం.

జపాన్‌లో చెర్రీ పూలనగానే టోక్యో, క్యోటో గుర్తుకొస్తాయి. నేను ఈ సాయంత్రం ఇంకా ఉత్తరాన, అవొమోరి ప్రాంతంలో ఉన్న హిరోసాకి కోట గురించి చెప్పాలనుకుంటున్నాను. టోక్యోలో పూలన్నీ రాలిపోయాక, ఏప్రిల్ చివర్లో ఇక్కడ పూత అందుకుంటుంది.

త్సుగారు వంశపు ప్రభువులు ఈ కోటను 1611లో పూర్తి చేశారు. అప్పటి అయిదంతస్తుల బురుజు 1627లో పిడుగుపడి కాలిపోయింది. ఇప్పుడున్న మూడంతస్తులది 1810 నాటిది. హిమేజీ కోటను చూసి వచ్చినవారికి ఇది చిన్నదిగా అనిపిస్తుంది. అయితే పాతకాలపు ప్రధాన బురుజులు జపాన్ మొత్తం మీద పన్నెండే మిగిలాయి, వాటిలో ఇదొకటి.

నన్ను కట్టిపడేసినవి మాత్రం అక్కడి చెట్లు. దాదాపు 2,600 ఉన్నాయి. ఎక్కువ భాగం సోమెయ్ యోషినో రకం. అన్నీ అంటు కట్టి పెంచినవే కాబట్టి ఒక్కసారిగా పూస్తాయి. ఈ రకం ఆయుష్షు అరవై, ఎనభై ఏళ్లని సాధారణంగా చెబుతారు. ఇక్కడ నూరేళ్లు దాటినవి వందల్లో ఉన్నాయి! 1882లో కికుచి తాతెఏ అనే మాజీ సమురాయ్ కోటలో మొక్కలు నాటితే, కోటను విహారస్థలం చేస్తారా అని మండిపడి తోటి సమురాయ్‌లు చాలావాటిని పీకి పారేశారట. ఆ కోపాన్ని తట్టుకుని బతికిన చెట్టు నేటికీ పూస్తోంది. దాని ముందు నిలబడితే చేతులు జోడించాలనిపిస్తుంది.

మరి ఇంత ఆయుష్షు ఎలా వచ్చింది? చెర్రీని నరికేవాడు మూర్ఖుడు, ప్లమ్‌ను నరకనివాడు మూర్ఖుడు అని జపాన్‌లో పాత సామెత. అందులో నిజం ఉంది. చెర్రీ కొమ్మ నరికితే గాయం త్వరగా మానదు, అందులోంచి శిలీంధ్రం చేరి మాను కుళ్లిపోతుంది. కానీ హిరోసాకి ఆపిల్ తోటల ఊరు. జపాన్ ఆపిల్ పంటలో సగానికి పైగా అవొమోరిదే. కొమ్మ కత్తిరిస్తేనే కాపు అని అక్కడి రైతులకు తరతరాలుగా తెలుసు. యుద్ధానంతర కాలంలో కోటలోని తోటపనివారు ఆ విద్యనే చెర్రీ మీద ప్రయోగించారు. చలికాలం చివర, ఇంకా మంచు ఉండగానే, నిచ్చెనలెక్కి ముసలి కొమ్మలు తీసేస్తారు. కోసిన చోట మందు పూస్తారు. పూత ముగిశాక చెట్టుకు ఎరువు వేస్తారు.

ఫలితం దగ్గరికి వెళ్లి చూడాల్సిందే. మామూలుగా ఒక మొగ్గలోంచి మూడు, నాలుగు పూలు వస్తాయి. ఇక్కడ అయిదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కొమ్మ పట్టుకుంటే అందే ఎత్తులో, గుత్తులు గుత్తులుగా, వెనకున్న కొమ్మ కనబడనంత ఒత్తుగా ఉంటాయి. అక్కడికి వెళ్లినవారు పూలను ఫొటో తీశాక, దయచేసి మాను వైపు కూడా చూడండి. మందు పూసిన పాత కోతలు నల్లగా కనిపిస్తాయి. ఆ కోతల పక్కనే లేత కొమ్మ మొలుచుకొస్తుంది. ఇన్ని పూల వెనక ఎన్ని చేతులు పనిచేశాయో అప్పుడు అర్థమవుతుంది.

బురుజును కూడా ఇలాగే కాపాడుకుంటున్నారు. కింది రాతి గోడ ఉబ్బిపోతుంటే, 2015లో బురుజును విప్పకుండా, సుమారు 400 టన్నుల బరువును అలాగే ఎత్తి డెబ్బై మీటర్లకు పైగా పక్కకు జరిపారు. తర్వాత గోడ రాళ్లను ఊడదీసి మరమ్మతు మొదలుపెట్టారు. బురుజును జరిపేటప్పుడు తాళ్లు పట్టి లాగే అవకాశం జనానికీ ఇచ్చారు. ఊరి వాళ్లు తమ కోటను తామే లాగడం కన్నా మంచి పండగ ఉంటుందా?

పూత నిండుగా ఉన్న రోజుల కన్నా, ఆ తర్వాత రెండు మూడు రోజులకు వెళ్లమని నా సలహా. రాలిన రేకులతో కందకం నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. టోక్యో నుంచి షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలులో షిన్-అవొమోరి చేరి, అక్కడ మామూలు రైలెక్కాలి. ఏప్రిల్ చివర, మే మొదట్లో జపాన్‌లో వరుస సెలవులు వస్తాయి కాబట్టి గదులు నెలల ముందే ఖరారు చేసుకోండి. ఇక చెట్ల సంరక్షణ గురించి మీ ప్రశ్నలు అడగండి.