తెలుగు పుస్తకానికి ఏ స్క్రీన్ బాగుంటాది? ఒత్తులు చూసి చెప్పండి

హోస్ట్: అందరికీ నమస్తే, కడప నుంచి మాట్లాడతాండాం. ఏడురోడ్ల దగ్గర ఫోన్ డిస్‌ప్లేలు మార్చే అన్న వచ్చినాడు ఈరోజు, పగలంతా స్క్రీన్లు విప్పుతాడు, రాత్రయితే పుస్తకాలు, అదీ మొత్తం డిజిటల్‌లోనే. అన్నా, సూటిగా అడుగుతా, కండ్లు గుంజకుండా చదవాలంటే అమెజాన్ కిండిల్ మాదిరి పుస్తకాలు చదివేదానికే చేసిన ఈ-ఇంక్ రీడర్ కొనాల్నా, ట్యాబ్ సరిపోతాదా?

అన్న: ముందు నువ్వు చదివేది ఏందో చెప్పు మ్మా. అందరూ స్క్రీన్ పేరే అడుగుతారు, చదివే ఫైల్ ఏందో ఎవరూ చెప్పరు, నన్నడిగితే అసలు తేడా అంతా ఆడనే ఉండాది.

హోస్ట్: ఫైల్ కాడికి వద్దాం గానీ, ముందు ఈ స్క్రీన్ల సంగతి చెప్పన్నా.

అన్న: బోర్డు పనికి మా షాపులో మైక్రోస్కోప్ ఉంటాది కదా, ఒకే పేజీని మూడు రకాల స్క్రీన్లలో తెరిచి దాని కింద పెట్టి చూసినా. ఎల్‌సీడీలో ఎరుపు, పచ్చ, నీలం గీతలు వరసగా నిలబడి ఉంటాయి, వెనకాల బ్యాక్‌లైట్ ఎప్పుడూ వెలుగుతానే ఉంటాది, అందుకే చీకట్లో చూస్తే నలుపు గూడ కొంచెం బూడిద రంగు కొడతాది. ఓఎల్ఈడీలో ఏ చుక్కకు ఆ చుక్కే వెలుగుతాది, నల్లగా ఉందంటే ఆడ చుక్క ఆరిపోయినట్టే, ఇంకోటి ఏందంటే శానా ఫోన్లలో పచ్చ చుక్కలు ఎక్కువుంటాయి, ఎరుపు, నీలం దాంట్లో సగమే. ఇంగ ఈ-ఇంక్ పెట్టి చూస్తే రంగు గీతలే లేవు, అంతా సన్న గుళికలు, లోపల నల్ల రేణువులు, తెల్ల రేణువులు, కరెంటు తగిలితే ఒకటి పైకొస్తాది ఇంకోటి కిందకు పోతాది, ఒకసారి వచ్చినాక కరెంటు తీసేసినా అక్షరం ఆడనే నిలబడతాది. అది సొంతంగా వెలగదు, మీద పడిన వెలుతురే తిరిగొస్తాది, కాగితం మాదిరి.

హోస్ట్: మరి కిండిల్‌లో లైట్ ఉంటాది కదా?

అన్న: 2012లో పేపర్‌వైట్ అనే మోడల్‌తో కిండిల్‌కు ఆ లైట్ వచ్చింది. అది వెనకనుంచి మన కండ్లలోకి కొట్టేది కాదు, అంచున ఎల్ఈడీలు ఉంటాయి, ఆ వెలుతురు స్క్రీన్ మీద పరుచుకుంటాది. మన కడప ఎండలో మిద్దె మీద కూర్చో, ఫోన్ బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టినా నీ మొహమే కనపడతాది, కాసేపటికి అది వేడెక్కి తనంతట తానే డల్ అయిపోతాది, అదే ఈ-ఇంక్ అయితే ఎండ ఎంత పడితే అంత తేటగా కనపడతాది.

హోస్ట్: రాత్రి ఫోన్లో చదివితే తలనొప్పి వస్తాదని శానామంది అంటారు, బ్లూ లైట్ వల్లనేనా?

అన్న: బ్లూ లైట్ మీద అంత భయం అక్కర్లేదు. స్క్రీన్ల నుంచి వచ్చే బ్లూ లైట్ కండ్లు పాడు చేస్తాదనేదానికి ఆధారం లేదని అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ వాళ్లే చెప్తాండారు. స్క్రీన్ చూసేటప్పుడు మనం రెప్పలు కొట్టడం తగ్గిపోతాది, కన్ను ఎండిపోతాది, మంట ఎక్కువ దాంతోనే, అందుకే 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఏదైనా 20 సెకన్లు చూడమంటారు. రెండోది ఫ్లికర్. శానా ఓఎల్ఈడీ ఫోన్లు బ్రైట్‌నెస్ తగ్గించినప్పుడు నిజంగా తగ్గవు, సెకనుకు వందలసార్లు ఆరి వెలుగుతా తగ్గినట్టు చూపిస్తాయి, కొందరికి ఏమీ కాదు, కొందరికి దాంతోనే తల పట్టేస్తాది. ఇంకో ఫోన్ కెమెరాతో చూస్తే నల్లపట్టీలు కదలతా కనపడతాయి. అట్లాంటోళ్లు సెట్టింగ్స్‌లో డీసీ డిమ్మింగ్, అంటే అట్లా ఆరి వెలగకుండా వెలుతురు తగ్గించేది, ఉంటే ఆన్ చేసుకోండి, లేదంటే రూములో ఒక లైట్ వేసుకుని బ్రైట్‌నెస్ కొంచెం పెంచి చదవండి, చీకట్లో దుప్పటి కప్పుకుని చదివేది మాత్రం మానండప్పా.

హోస్ట్: ఇప్పుడు ఫైల్ సంగతి.

అన్న: ఆ, ఇదీ నేను చెప్పాలనుకున్నది. ముందు టైపు చేసిన అక్షరాలుండే మామూలు ఈ-బుక్ సంగతి చూద్దాం. ఇంగ్లీషులో అక్షరాలన్నీ ఒకే వరసలో పోతాయి, మనకు కింద ఒత్తు, పైన తలకట్టు, గుడి, ‘రాష్ట్రం’ అనే మాటలో ష కింద ట, దాని పక్కన ర, అంత చిన్న జాగాలో మూడు. పాత బేసిక్ కిండిల్ 167 పీపీఐ, అంటే అంగుళానికి 167 చుక్కలు, 2022లో వచ్చిన బేసిక్ నుంచి 300 అయింది. సెకండ్ హ్యాండ్‌లో తక్కువకు వస్తాందని 167ది తీసుకుంటే ఇంగ్లీషుకు నడుస్తాది గానీ మన ఒత్తులు అలుక్కుపోతాయి. తెలుగు చదివేటోళ్లు 300కు తగ్గొద్దండి, ఇది మాత్రం గట్టిగా చెప్తాండా.

హోస్ట్: స్కాన్ పీడీఎఫ్‌లు అయితే?

అన్న: ఆడ 6 అంగుళాల ఈ-ఇంక్ చేతులెత్తేస్తాది. బ్రౌన్ దొర నిఘంటువే తీసుకో, 1852 నాటిది, ఆయన ఉన్న బంగళా జాగాలోనే కదా మన బ్రౌన్ లైబ్రరీ ఉండేది. ఆ స్కాన్ ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్‌లో ఫ్రీగా దొరుకుతాది, పేజీకి రెండు కాలమ్‌లు, సన్న అక్షరాలు, పసుపు తిరిగిన కాగితం. 6 అంగుళాల స్క్రీన్ అంటే దగ్గరదగ్గర 9 సెంటీమీటర్లు బై 12, పేజీ మొత్తం దాంట్లో ఇరికిస్తే ఏం కనపడతాది? జూమ్ చేస్తే పేజీ జరిపిన ప్రతిసారీ మెరుపు, వెనకటి అక్షరాల నీడ. పైగా ఆ పసుపంతా ఈ-ఇంక్‌లో బూడిద మచ్చలవుతాది. ఆ పనికి 10 అంగుళాల మామూలు ఎల్‌సీడీ ట్యాబే మేలు. 10.3 అంగుళాల ఈ-ఇంక్ ఉంది, మన నవలల సైజు పేజీ యథాతథంగా పడతాది, శానా బాగుంటాది, రేటే అందరికీ అందదు. కలర్ ఈ-ఇంక్ గూడ ఉంది, కాలిడో 3 అనే రకంలో నలుపు తెలుపు 300 పీపీఐ ఉన్నా రంగు 150కే వస్తాది, పైన రంగు ఫిల్టర్ ఉంటాది కాబట్టి స్క్రీనే మసగ్గా ఉంటాది. నవలలు చదివేటోళ్లకు అది కొనమని నేనైతే చెప్పను.

హోస్ట్: గ్రూప్స్‌కు చదివే పిల్లోళ్లు ఉంటారు, చేతిలో ఫోన్ తప్ప ఇంకేమీ లేదు, మెటీరియల్ అంతా పీడీఎఫ్. వాళ్లేం చేయాలన్నా?

అన్న: ఆ పిల్లోళ్ల గురించే నాకు బాధ. మీరు కొత్తది ఏదీ కొనొద్దు నాయనా. ఫోన్ అడ్డంగా తిప్పండి, పీడీఎఫ్ యాప్‌లో మార్జిన్ కట్ చేసే ఆప్షన్ ఉంటాది, అది పెట్టుకుంటే అదే స్క్రీన్‌లో అక్షరం బాగా పెద్దదవుతాది. మ్యాట్ గార్డు అతికిస్తే మెరుపు తగ్గుతాది గానీ సన్న ఒత్తులు ఇంకా మసకబారతాయి, వద్దు. డార్క్ మోడ్‌లో తెల్లక్షరాలు చెదిరినట్టు కనపడితే కంటిలో సైట్ ఉందేమో చూపించుకోండి, ఈ లోపల తెల్ల పేజీలోనే చదవండి.