వేట ఆగిన 61 రోజులు: రేవుకు కాపలా ఎవరు?

గౌరవనీయులైన అధ్యక్షులకు, పాలేల నుంచి వచ్చిన పెద్దలైన కాపులకు, బోటు యజమానులకు, యార్డు మిస్త్రీలకు, చేతిలో పని ఆపి వచ్చిన అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

ఇంకో పది రోజుల్లో, ఏప్రిల్ 15న, వేట నిషేధం మొదలవుతుంది. జూన్ 14 దాకా 61 రోజులపాటు మన మరబోట్లు, ఇంజన్ పడవలు కదలకుండా కట్టి ఉంటాయి. యజమాని ఇంటి దగ్గర ఉంటాడు, కళాసీలు వేరే పనులకు పోతారు, బోటులో మాత్రం బ్యాటరీలు, డీజిల్, వైర్‌లెస్ సెట్టు, జీపీఎస్, వలలు, సీసపు గుళ్ళు, లంగరు ఉండిపోతాయి. ఏడాదిలో మన ఆస్తి ఇంతకంటే ఒంటరిగా ఉండే కాలం మరొకటి లేదు కనుక, ఈ మాటలు ఇప్పుడే చెప్పుకోవాలని వచ్చాను.

మొన్నమొన్నటి వరకు నెల్లూరు, ప్రకాశం తీరంలో పడవలను ఎవరి పాలెం ముందు వారు ఇసుక మీదికి లాగి పెట్టుకునేవారు. గోడ లేదు, గేటు లేదు, కెమెరా అసలే లేదు. అయినా పడవ భద్రంగా ఉండేది. ఎందుకంటే ఏ పడవ ఎవరిదో, ఏ వల ఎవరిదో పాలెంలో పసిపిల్లవాడికి కూడా తెలుసు, కొత్త మనిషి ఇసుకలో అడుగుపెడితే పది కళ్ళు అతని మీద పడతాయి, తప్పు చేసినవాడికి పెద్దలు దురాయి, అంటే ఊరి కట్టుబాటు, వేస్తే ఊరంతా దానికి కట్టుబడుతుంది. ఇప్పుడు జువ్వలదిన్నెలాంటి హార్బర్లు వచ్చాయి. నాకది ఎంతో సంతోషం. కానీ ఇక్కడ ఎన్నో ఊళ్ళ బోట్లు పక్కపక్కన కడతారు. పక్క బోటులోకి ఎక్కిన మనిషి దాని డ్రైవరో, మెకానికో, దొంగో మనకు తెలియదు, అడగడానికి మొహమాటం. పాలెంలో ఉండిన ఆ ఎరుకను హార్బర్‌కు తెచ్చుకోవడమే మన పని, గోడ కట్టడం ఆ తర్వాతి మాట.

గోడను తక్కువ చేసి మాట్లాడటం లేదు. అయితే రేవు గోడ మూడు వైపులే ఉంటుంది, నాలుగో వైపు నీళ్ళు. గేటు దగ్గర ఇద్దరు కాపలాదారులను పెట్టి, చిన్న తెప్ప మీద చీకట్లో కాలువ వైపు నుంచి వచ్చేవాణ్ణి వదిలేసిన యార్డును నేను చూశాను. నా ఉద్యోగ జీవితంలో మరచిపోలేని రాత్రి అక్కడే గడిచింది. మరమ్మతుకు ఒడ్డుకెక్కించిన నాలుగు బోట్లలో బ్యాటరీలు పోయాయి. ఒక్క తాళం కూడా పగల్లేదు. కాపలా రిజిస్టరు తెరిస్తే, తెల్లవారుజామున నాలుగు గంటల గస్తీ సంతకం రాత్రి పన్నెండుకే పెట్టేసి ఉంది. ఆ కాపలాదారు దొంగ కాదు. రెండు నెలలుగా జీతం అందక, పగలు మరోచోట కూలి చేసి, రాత్రి ఇక్కడ నిద్రపోతున్న మనిషి. తాళంచెవులు మాత్రం ఎవరు తీసుకున్నా అడిగే దిక్కులేని మేకుకు వేలాడుతున్నాయి. ఆ రోజు యజమానులు అతని మీద అరిచినప్పుడు, జీతం ఇవ్వని సంగతి నేను గట్టిగా ఎత్తి చూపవలసింది. చూపలేదు, అది ఇప్పటికీ బాధిస్తుంది.

ఇది ఈనాటి జబ్బు కాదు. 18వ శతాబ్దం చివర్లో లండన్‌లోని థేమ్స్ నది మీద వెస్టిండీస్ ఓడల నుంచి చక్కెర, రమ్ము విపరీతంగా పోయేవి. పాట్రిక్ కాహూన్ అనే మేజిస్ట్రేటు, జాన్ హారియట్ అనే నావికుడు కలిసి 1798లో నది పోలీసును ఏర్పాటు చేశారు. కాహూన్ లెక్క ప్రకారం నది మీద పనిచేసే సుమారు 33,000 మందిలో 11,000 మందికి దొంగతనంతో సంబంధం ఉంది. సరుకు దించేటప్పుడు నేల మీద పడినది మాది అనే ఆచారం కూలీలలో పాతుకుపోయి ఉండేది. కొత్త పోలీసులు పడవల్లో గస్తీ తిరగడంతో ఆగలేదు. సరుకు దించే కూలీలను తామే నమోదు చేసుకుని, వారికి కూలి తామే చెల్లించి, పని జరుగుతున్నంతసేపు దగ్గర నిలబడ్డారు. మొదటి ఏడాది 4,200 పౌండ్లు ఖర్చుచేసి 1,22,000 పౌండ్ల సరుకు కాపాడామని వారు చెప్పుకున్నారు. ఆ అంకెలో అతిశయం ఉన్నా ఉండవచ్చు, కానీ సరుకును ముట్టుకునే మనిషికి పేరూ, సరైన కూలీ, లెక్కా ఉండాలన్న వారి పద్ధతి సరైనదని నా అనుభవం కూడా చెబుతోంది.

కృష్ణపట్నంలాంటి పెద్ద ఓడరేవుల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత రూపొందిన అంతర్జాతీయ ఓడ, రేవు భద్రతా నియమావళి 2004 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాని కింద ప్రతి రేవుకూ ఒక భద్రతాధికారి, ముందే రాసుకున్న ప్రణాళిక, ప్రమాదాన్ని బట్టి పెరిగే మూడు స్థాయిల కట్టుదిట్టం ఉంటాయి. అక్కడ కూడా గండి లోపలి నుంచే పడుతుంది. బెల్జియంలోని యాంట్‌వెర్ప్ రేవులో మాదకద్రవ్యాల ముఠా కంప్యూటర్లలోకి చొరబడి, కంటెయినర్ విడుదల చేసే సంకేతాలు సంపాదించి, అసలు యజమాని రాకముందే లారీ పంపి పట్టుకుపోయిన వైనం 2013లో బయటపడింది. గేటు దగ్గర చూపిన సంకేతం సరిగానే ఉంది.

చిన్న హార్బర్‌లో దొంగతనం కంటే పెద్ద ప్రమాదం నిప్పు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటుకు అంటుకున్న మంట పక్కపక్కన కట్టిన బోట్లకు పాకి సుమారు 40 బోట్లను కాల్చేసింది. రాత్రి పూట బోటులోకి ఎవరు ఎక్కుతున్నారో తెలియకపోతే పోయేది బ్యాటరీ ఒక్కటే కాదు. నిషేధకాలంలో గ్యాసు సిలిండర్లు దించేయండి, వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ వదలండి, డీజిల్ ట్యాంకులను వీలైనంత ఖాళీ చేయండి.

కెమెరాల గురించి చాలామంది అడిగారు. పెట్టండి, తప్పు లేదు. కానీ ఉప్పుగాలికి అద్దం మీద పొర కట్టి కొద్ది వారాల్లోనే బొమ్మ మసకబారుతుంది. వారానికోసారి తుడిచే మనిషిని పెట్టకపోతే ఆ డబ్బు దండగ. దీపాలు జెట్టీ మీద కంటే నీళ్ళ వైపు వెలుగు పడేలా ఉండాలి. పాత ఇనుము కొట్లవారితో పెద్దలు ఇప్పుడే మాట్లాడి, కంచు ప్రొపెల్లరు, సీసం, బ్యాటరీ ఎవరు అమ్మజూపినా పేరు రాసుకోమని కోరాలి. కొనేవాడు లేకపోతే ఆ సరుకు బోటులోనే ఉంటుంది.

చొరబాటు గురించి ఒక్క మాట. 2008 నవంబరు 26న ముంబయికి వచ్చిన పదిమంది ఉగ్రవాదులు కుబేర్ అనే చేపల బోటును చేజిక్కించుకుని వచ్చారు. చివరికి రబ్బరు పడవలో కొలాబా ఒడ్డుకు దిగినప్పుడు, మీరెవరని అడిగినవారు అక్కడి మత్స్యకారులే. బోటు పోయిందంటే నష్టం యజమానితో ఆగదని అందరం గుర్తుంచుకోవాలి. అనుమానం వస్తే 1093కు ఫోన్ చేయండి, అది మెరైన్ పోలీసుల నంబరు. సముద్రంలో ఆపద అయితే తీర రక్షక దళానికి 1554. పొరపాటున అనుమానించామని సిగ్గుపడనక్కరలేదు. కబురు ఆలస్యమైతేనే కష్టం.

నిషేధం మొదలయ్యే రాత్రి నుంచి వంతుల వారీ గస్తీ ఉండాలి, ఒక్కో రాత్రి రెండు వేర్వేరు ఊళ్ళ మనుషులు జంటగా తిరగాలి, వారికి బోటు యజమానులందరూ కలిసి ముందుగానే కూలి జమచేయాలి. ఈ సభ ముగిశాక జెట్టీ మీద బల్ల వేసుకుని కూర్చుంటాను. బోటు రిజిస్ట్రేషన్, ఇంజన్ నంబరు, జీపీఎస్ నంబరు, బ్యాటరీ మీద మీరు వేసుకున్న గుర్తు ఒక పుస్తకంలో రాద్దాం. నంబరు తెలియనివారు నన్ను మీ బోటు దగ్గరికి తీసుకెళ్ళండి, టార్చిలైటు నా దగ్గర ఉంది.