సావర్‌క్రౌట్‌లో వెనిగర్ లేదండీ!

జర్మనీలో చదువుకుంటున్న మనవాళ్లను తిండి ఎలా ఉందని అడిగితే చాలామంది ఒకటే మాట అంటారు: "ఆ వెనిగర్ పోసిన క్యాబేజీ మా వల్ల కాదు." ఈ మాట విన్నప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్లు అనేది సావర్‌క్రౌట్ గురించి, అంటే జర్మన్లు పులియబెట్టే క్యాబేజీ. అసలైనదాంట్లో వెనిగర్ చుక్క కూడా ఉండదు. క్యాబేజీ, ఉప్పు, అంతే.

మరి పులుపు ఎక్కణ్ణించి వచ్చింది? ఇడ్లీ పిండిని గుర్తు తెచ్చుకోండి. రాత్రి రుబ్బి పెడతాం, పుల్లటిదేమీ కలపం. తెల్లారేసరికి పొంగి పులుస్తుంది. ఇదీ అంతే.

(సన్నగా తరిగిన క్యాబేజీ చూపిస్తూ) కిలోకి సుమారు 20 గ్రాముల ఉప్పు. గట్టిగా పిసికితే నీరు ఊరుతుంది. ముక్కలు ఆ నీటిలోనే మునిగి ఉండాలి, అందుకే పైన బరువు పెడతారు. గాలి తగిలితే బూజు పడుతుంది. గాలి లేకపోతే ఆకుల మీద ముందే ఉన్న బ్యాక్టీరియా అందులోని చక్కెరను పుల్లటి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. మొదట్లో బుడగలు తెప్పించేది ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బ్యాక్టీరియా. మన ఇడ్లీ పిండిని పొంగించే వాటిలోనూ అది ఉంది! ఇది తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పులుపు పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది, పులుపుకు తట్టుకునే రకాలు పని అందుకుంటాయి.

మన వేడికి పిండి ఒక్క రాత్రిలో పులుస్తుంది. అక్కడ 18, 20 డిగ్రీల్లో క్యాబేజీకి వారాలు పడుతుంది. అన్ని రోజులు పులిసినదాన్ని ఒట్టిగా నోట్లో పెట్టుకుని బాగాలేదంటే ఎలా? పులిసిన పిండిని మనం పచ్చిగా తినం కదా, ఆవిరికి పెట్టి చట్నీతో తింటాం. వాళ్లూ మన బిర్యానీ ఆకు లాంటి బే ఆకు, జూనిపర్ అనే చెట్టు కాయలు వేసి సన్నటి మంట మీద ఉడికిస్తారు. కొవ్వున్న మాంసం పక్కన ఆ పులుపు చక్కగా సరిపోతుంది. దక్షిణ జర్మనీలోని స్టుట్‌గార్ట్ వైపైతే షుప్ఫ్‌నూడెల్న్ అని, వేళ్లలా చుట్టిన బంగాళాదుంప ముద్దలతో కలిపి వేయిస్తారు. మొదటిసారి తినేవాళ్లు దాంతో మొదలుపెట్టండి, నా మాట వినండి.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. సూపర్‌మార్కెట్ సీసాల్లో, డబ్బాల్లో వచ్చేది సాధారణంగా వేడి చేసి మూత బిగించినది, బ్యాక్టీరియా బతికి ఉండదు. బతికున్నది కావాలంటే సంతలో పీపాలోంచి తీసిచ్చే పచ్చిది అడగండి. శాకాహారులు జాగ్రత్త, ఉడికించేటప్పుడు పంది కొవ్వు వేయడం మామూలే. "ఓనె ష్పెక్" అంటే అది లేకుండా అని అర్థం, ఆర్డర్ ఇచ్చేముందే చెప్పండి. ఇంట్లో వండుకునేటప్పుడు మరీ పుల్లగా అనిపిస్తే ఒకసారి నీళ్లలో కడిగి పిండేయండి.