డాబా తలుపుతో మొదలుపెట్టండి: ఇంటి అలారం మనమే బిగించుకుందాం

నమస్కారం అండి. సంక్రాంతికి ఇంటికి తాళం వేసి ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు చాలామంది అడుగుతున్నారు, వైర్‌లెస్ అలారం మనమే పెట్టుకోవచ్చా, మనిషిని పిలవాలా అని. మనమే పెట్టుకోవచ్చండి. గోడలు కొట్టే పని లేదు, వైర్లు లాగే పని లేదు. కాకపోతే పెట్టెలో వచ్చిన కాగితం చూసి అలాగే బిగించేస్తే మన విశాఖలో సరిపోదు. ఇక్కడి ఇళ్ళ తీరు వేరు, ఈ ఉప్పు గాలి సంగతి వేరు.

ముందు ఏదీ కొనకండి. దొంగ ఎటునుంచి వస్తాడా అని చూస్తూ ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. మనవాళ్ళు మొదటి సెన్సర్ తీసుకెళ్ళి వీధి తలుపుకి పెడతారు. వీధి వైపు లైటు ఉంటుంది, ఎదురింటివాళ్ళు ఉంటారు, తలుపు కూడా టేకుది. అదే డాబా మీదకి తీసే మెట్ల గది తలుపు చూడండి. గాజువాక అయినా మధురవాడ అయినా, ఇండిపెండెంట్ ఇళ్ళున్న వీధుల్లో డాబాలు ఆనుకునే ఉంటాయి. పక్క డాబా మీంచి మన డాబా మీదకి ఒక్క అంగ. అక్కడ మనం పెట్టిందేమో సన్న రేకు తలుపు, చిన్న గడియ. దాని తర్వాత పెరటి తలుపు. అపార్ట్‌మెంట్ అయితే యుటిలిటీ బాల్కనీ, ఎందుకంటే డక్టులో పైపులు పట్టుకుని ఎక్కే వీలుంటుంది. చేతిలో ఉన్న డబ్బుకి రెండు సెన్సర్లే వస్తే ఆ రెండూ వీటికే పెట్టండి. వీధి తలుపు సంగతి తర్వాత చూద్దాం.

ఇదిగో, తలుపు సెన్సర్. రెండు ముక్కలుంటాయి. పెద్దదాంట్లో రీడ్ స్విచ్, అంటే అయస్కాంతం దగ్గరున్నదీ లేనిదీ పసిగట్టే చిన్న స్విచ్, చిన్నదాంట్లో అయస్కాంతం. తలుపు మూసి ఉన్నంతసేపూ రెండూ పక్కపక్కనే ఉంటాయి. తలుపు తీయగానే అయస్కాంతం దూరం జరుగుతుంది, స్విచ్ మారుతుంది, హబ్‌కి, అంటే సెన్సర్లన్నీ కబురు పంపే మెయిన్ పెట్టెకి, కబురు వెళ్తుంది. పెద్ద ముక్క గుమ్మానికి, చిన్న ముక్క తలుపు రెక్కకి. మధ్యలో ఎడం సెంటీమీటరు లోపు ఉంచండి. ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, మన చెక్క తలుపులు వానాకాలంలో ఉబ్బుతాయి, ఎండలకి ఎండిపోయి సందు ఇస్తాయి. వానల్లో సరిగ్గా అమరిన సెన్సర్ ఏప్రిల్ వచ్చేసరికి ఊరికే మోగడం మొదలవుతుంది. తలుపు మూసి, గట్టిగా ఊపి చూడండి. ఊపినా అలారం మోగకపోతేనే సెన్సర్ సరిగ్గా కూర్చున్నట్టు.

మెట్ల గదిది ఇనప తలుపు కదా, దానికి ఇంకో చిక్కు. ఇనుము అయస్కాంత శక్తిని తనవైపు లాగేసుకుంటుంది, రేడియో సిగ్నల్‌నీ తగ్గిస్తుంది. అందుకని నేరుగా రేకు మీద అంటించకుండా, వెనక అరంగుళం మందం చెక్కముక్కో ప్లాస్టిక్ ముక్కో పెట్టి దానిమీద బిగించండి.

పెట్టెలో ఇచ్చే డబుల్ సైడ్ టేపుని మాత్రం నమ్ముకోకండి. లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ, రుషికొండ, అసలు సముద్రానికి దగ్గరగా ఎక్కడున్నా గోడ మీద తేమ ఉంటుంది, డిస్టెంపర్ పొడిలా రాలుతుంది. టేపు ఆ పొడిని పట్టుకుని ఊడి వచ్చేస్తుంది. స్క్రూలు వేయండి, అవీ స్టెయిన్‌లెస్ స్టీలువి. మామూలు స్క్రూలు తుప్పు పట్టి, తర్వాత తీద్దామన్నా రావు. బ్యాటరీ మార్చినప్పుడల్లా లోపలి రేకులకి పచ్చగా గానీ తెల్లగా గానీ ఏమైనా పట్టిందేమో చూసి పొడి గుడ్డతో తుడవండి.

ఇప్పుడు హాల్లో పెట్టే మోషన్ సెన్సర్. ఇది మనిషి ఒంటి వేడిని పసిగడుతుంది. ఏడడుగుల ఎత్తున, మూలకి, మనిషి దానికి అడ్డంగా నడిచేలా పెట్టాలి. నేరుగా ఎదురొచ్చేవాణ్ణి అంత త్వరగా పట్టుకోదు. కిటికీ ఎండ పడే చోట, ఏసీ గాలి తగిలే చోట పెట్టకండి. ఇంకోటి, మే నెలలో తలుపులన్నీ మూసిన గది వేడి మన ఒంటి వేడికి దగ్గరగా వస్తుంది. అప్పుడు దానికి తేడా తెలియడం తగ్గిపోతుంది. అందుకే దీని ఒక్కదాని మీదే భారం వేయొద్దు, తలుపు సెన్సర్ ఉండాల్సిందే. అన్నట్టు, ట్యూబ్‌లైటుకి దూరంగా పెట్టండి. లైటు దగ్గర పురుగులు, పురుగుల కోసం బల్లులు. సెన్సర్ ముఖం మీద బల్లి పాకిందంటే అర్ధరాత్రి వీధంతా లేస్తుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు సెట్లు కొని పంపుతుంటారు. ప్రేమతో పంపినవే, కాదనను. కానీ అక్కడ ఇలాంటి పరికరాల రేడియో సిగ్నల్ చాలావరకు 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. మన దగ్గర అందులో కొంత మొబైల్ ఫోన్లు వాడే భాగం. ఇక్కడ లైసెన్సు లేకుండా వాడుకునేది 865 నుంచి 868. కొనేముందు పెట్టె మీద ఆ అంకె చూడండి. కెమెరా కూడా కొంటుంటే, చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుతుంది, 5 అందదు.

హబ్ టీవీ పక్కన కాదు, ఇంటి మధ్యలో పెట్టండి. శ్లాబులో ఇనుము, కిటికీలకి గ్రిల్లు, మధ్యలో బీరువా, ఇవన్నీ సిగ్నల్‌ని తినేస్తాయి. రెండంతస్తులైతే మెట్ల మలుపు దగ్గర మంచి చోటు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, కరెంటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అంత తుపాను అక్కర్లేదు, మామూలు కోతకే రౌటర్ ఆగిపోతుంది. లోపల బ్యాటరీ ఉన్న హబ్, సిమ్ వేసుకునే హబ్ తీసుకోండి. రౌటర్‌ని ఇన్వర్టర్ లైనుకి కలపండి. అన్నీ బిగించాక మెయిన్ ఆపేసి, డాబా తలుపు తీసి చూడండి. సైరన్ మోగాలి, ఫోన్‌కి కబురు రావాలి. అవి రెండూ జరిగేదాకా పని అయినట్టు కాదు.

కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చేయండి. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల పరికరాల్లోకి దూరింది. వాటిలో కెమెరాలు, ఆ వీడియో రికార్డు చేసే డీవీఆర్‌లు చాలా ఉన్నాయి. అది చేసిందల్లా, ఎవరూ మార్చని ఆ పాస్‌వర్డులు వరసగా కొట్టి చూడటమే. కెమెరా చూపు పక్కింటి గుమ్మం మీద పడకుండా కూడా చూసుకోండి. వాళ్ళ ఆడవాళ్ళు బయటికొచ్చిన ప్రతిసారీ మన ఫోన్‌లో కనిపించడం ఏం మర్యాద?

ఊరెళ్ళేముందు మీ పోలీస్ స్టేషన్‌లో ఎల్‌హెచ్ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) గురించి అడగండి. తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా పెట్టడానికి ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఏర్పాటు అది. సైరన్ మోగినట్టు ఫోన్‌కి వస్తే 112కి చేయండి. ఇంటికి దగ్గరలో ఉన్నా సరే, ఒక్కరే లోపలికి వెళ్ళకండి.

ఎదురింటివాళ్ళకి ఒక తాళంచెవి, సైరన్ ఆపే కోడ్ ఇచ్చి వెళ్ళండి. మీ కోడ్ ఇవ్వకండి, వాళ్ళకంటూ వేరే కోడ్ పెట్టండి. పండగ నుంచి వచ్చాక దాన్ని తీసేస్తే సరిపోతుంది.