బోరు పాయింట్ చూసే ఆయనకి పది లక్షల డాలర్ల పరీక్ష పెడితే అది న్యాయమేనా?

[నేరుగా కెమెరాకి]

నమస్తే అండి. అతీత శక్తుల టాపిక్ ఎక్కడ వచ్చినా రెండు వాదనలు తప్పకుండా వినిపిస్తాయి, రెండూ నాకు చిరాకే. మొదటిది, "అమెరికాలో జేమ్స్ రాండీ, అతీత శక్తి ఉందని చూపిస్తే ఇస్తానని పది లక్షల డాలర్లు పెట్టాడు, ఒక్కడు కూడా గెలవలేదు, ఇంకేముంది, శక్తులు లేవని ప్రూవ్ అయిపోయింది". రెండోది, "ఆ చాలెంజ్‌లన్నీ ఫిక్సింగ్ అండి, ఎవ్వరూ గెలవకుండా ముందే రూల్స్ రాసుకుంటారు". నేను శక్తుల్ని నమ్మను, అది ముందే చెప్పేస్తున్నా. అయినా మొదటి మాట వింటే నాకు ఇంకా ఎక్కువ కోపం వస్తుంది, ఎందుకంటే అది నావైపు వాళ్లు అనే మాట, మనవైపు నుంచి తప్పు లెక్క చెప్తే అవతలివాళ్లు ఎందుకు వినాలి చెప్పండి.

ఈ వీడియో మొత్తానికి ఒకే ఉదాహరణ తీసుకుంటా, బోరు పాయింట్ పెట్టే ఆయన. రాయలసీమలో, తెలంగాణలో మీకు తెలియని ఊరుండదు, ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలంలో నడుస్తాడు, నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుంది, అక్కడ సున్నంతో గుర్తు పెడతారు, బోరు బండి వస్తుంది. కొందరు కాయ బదులు పంగల పుల్ల పట్టుకుంటారు. ఈయన్నే ఎందుకు తీసుకున్నానంటే, ఈయన స్వామీజీ కాదు, మోసగాడు అసలే కాదు, చాలామంది మనస్ఫూర్తిగా నమ్మి చేస్తారు. ఇంకోటి, ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి ప్రైజ్ టెస్టులకి ధైర్యంగా ముందుకొచ్చినవాళ్లలో నీళ్లు చూసేవాళ్లే చాలా ఎక్కువ.

సరే, ఆయన గుర్తు పెట్టిన చోట బోరు వేస్తే నీళ్లు పడ్డాయి. టెస్ట్ పాసా? కాదు. ఆ పొలంలో ఇరవై అడుగులు పక్కకి వేసినా పడేవేమో, అక్కడ ఎవరూ వెయ్యరు కాబట్టి ఎప్పటికీ తెలీదు. మూడొందల అడుగులకి పడకపోతే ఇంకో రెండొందలు దింపుతారు, అప్పుడు పడితే అదీ ఆయన ఖాతాలోకే వెళ్తుంది, పడకపోతే "రైతు టైమ్ బాలేదు" అంటారు. ఇక్కడ నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఒకటి తర్వాత ఒకటి బోర్లు వేసి అప్పుల్లో మునిగిన కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి, ఆ ఫెయిలైన బోర్ల లెక్క ఎవరి ఖాతాలోకీ వెళ్లదు.

[స్క్రీన్ మీద పది డ్రమ్ములు]

అందుకని టెస్ట్ ఇలా పెడదాం. పది డ్రమ్ములు, మూతలు బిగించి, ఒక్కదాంట్లో నీళ్లు, మిగతా తొమ్మిదిలో ఇసుక. ఎందులో నీళ్లున్నాయో ఆయనకి తెలీకూడదు, ఆయన పక్కన నిలబడేవాళ్లకీ తెలీకూడదు, ఎందుకంటే తెలిసినవాడి మొహం చూసి కూడా మనిషి పసిగట్టేస్తాడు. గుడ్డిగా చెప్తే పదిలో ఒక వంతు చాన్స్. డ్రమ్ములు మార్చి మార్చి వరసగా మూడుసార్లు కరెక్ట్‌గా చెప్తే, అది అదృష్టం కొద్దీ జరిగే చాన్స్ వెయ్యిలో ఒకటి. ఆరుసార్లు చెప్తే పది లక్షల్లో ఒకటి.

ఈ రెండు నంబర్లు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే రాండీ చాలెంజ్ దాదాపు ఇదే. ఆయన మేజీషియన్. 1964లో ఒక రేడియో చర్చలో ఒక పారాసైకాలజిస్ట్, అంటే అతీత శక్తుల మీద పరిశోధన చేసేవాడు, "ఊరికే మాట్లాడటం కాదు, డబ్బు పెట్టు చూద్దాం" అన్నట్టు సవాల్ చేస్తే, తన సొంత డబ్బు 1,000 డాలర్లు పెట్టాడు. పెరిగి పెరిగి 1996లో ఆయన ఫౌండేషన్ పెట్టాక అది పది లక్షల డాలర్లయింది, 2015లో ఆపేశారు. రెండు దశలుండేవి, ప్రిలిమినరీలో అదృష్టం కొద్దీ గెలిచే చాన్స్ సాధారణంగా వెయ్యిలో ఒకటి ఉండేలా చూసేవాళ్లు, ఫైనల్‌లో పది లక్షల్లో ఒకటి. "ఇంత కష్టంగా ఎందుకు పెట్టారు, కావాలనే కదా" అంటారు కొందరు. కాదండి, వెయ్యి మందికి పైగా అప్లై చేశారు. ఇరవైలో ఒక చాన్స్ ఉన్న టెస్ట్ వెయ్యి మందికి పెడితే, ఏ శక్తీ లేకుండా యాభై మంది గెలిచేస్తారు! డబ్బు పెట్టినవాడు అదృష్టం నుంచి తనని తాను కాపాడుకోవాలి, అందులో అన్యాయం ఏమీ లేదు.

మరి అన్యాయం ఎక్కడ జరగొచ్చు? మళ్లీ మన పాయింట్ చూసే ఆయన దగ్గరికి వద్దాం. డ్రమ్ములు చూసి ఆయన అంటాడు, "బాబూ, నాది భూమిలో పారే గంగని చూసే విద్య, డ్రమ్ములో నిలవ నీళ్లకి కాయ లేవదు". ఇది సాకు అని నవ్వేస్తారు చాలామంది. నవ్వకూడదు. ఆయన చేయగలను అని ఎప్పుడూ అనని పనిని టెస్ట్ చేసి ఫెయిల్ అనడం నిజంగానే అన్యాయం. రాండీ రూల్స్‌లో నాకు బాగా నచ్చేది ఇదే, ఏం చేయగలవో నువ్వే చెప్పు, ఎలా టెస్ట్ చెయ్యాలో ఇద్దరం కూర్చుని రాసుకుందాం, సంతకాలు పెట్టుకుందాం, ఆ తర్వాతే టెస్ట్.

1990లో జర్మనీలో కాసెల్ అనే ఊళ్లో సరిగ్గా అదే చేశారు. అక్కడి హేతువాదుల సంఘం, రాండీ కలిసి. భూమిలో అర మీటరు లోతున ప్లాస్టిక్ పైపు పాతారు, అందులో నీళ్లు పారించొచ్చు, ఆపొచ్చు. పైపు ఎక్కడుందో పైన రంగు పట్టీ వేసి మరీ చూపించారు, నీళ్లు ఇప్పుడు పారుతున్నాయా లేదా, అంతే చెప్పాలి. దాదాపు ముప్పై మంది వచ్చారు, మూడు రోజులు సాగింది. ఇది న్యాయమైన టెస్టే అని, నూటికి నూరు కరెక్ట్‌గా చెప్తామని ముందే సంతకాలు పెట్టారు. రిజల్ట్ చూస్తే బొమ్మా బొరుసా వేసినట్టే వచ్చింది.

వాళ్లు అబద్ధాలు చెప్పారా? లేదు. చేతిలో కాయో పుల్లో నిజంగానే కదులుతుంది, కదిపేది వాళ్ల కండరాలే, కానీ కదుపుతున్నట్టు వాళ్లకే తెలీదు. 1833లోనే షెవ్రోల్ అనే ఫ్రెంచ్ కెమిస్ట్ లోలకం పట్టుకుని దీన్ని తన మీద తానే పరీక్షించుకుని రాశాడు, 1852లో కార్పెంటర్ అనే ఇంగ్లీష్ డాక్టర్ దీనికి ఇడియోమోటర్ అని పేరు పెట్టాడు. అందుకే మంచి టెస్టుల్లో ముందు ఒక రౌండ్ మూతలు తీసేసి చేయిస్తారు, నీళ్లు కనిపిస్తుంటే కాయ లేస్తుంది, "ఇవాళ శక్తి బాగా పనిచేస్తోంది" అని ఆయనే ఒప్పుకుంటాడు, అప్పుడు మూతలు పెడతారు.

ఇక్కడిదాకా వింటే ప్రైజ్ టెస్ట్ చాలా ఫెయిర్ అనిపిస్తుంది కదా. ఇప్పుడు అసలు పాయింట్, దీని గురించే నేను వీడియో చేస్తోంది.

పాయింట్ చూసే ఆయన నూటికి నూరు అనకుండా, "పదిసార్లు చూస్తే మూడుసార్లు కరెక్ట్ అవుతా" అన్నాడనుకోండి. గుడ్డిగా చెప్తే పదికి ఒకటే, మూడు అంటే నిజంగా ఏదో ఉన్నట్టే, సైన్స్ తలకిందులయ్యేంత సంగతి అది. ఆయన్ని మన మూడు రౌండ్ల టెస్టులో కూర్చోబెడితే? మూడూ వరసగా కరెక్ట్ అయ్యే చాన్స్ నూటికి మూడు కంటే తక్కువ. అంటే నిజంగా శక్తి ఉన్న మనిషి కూడా నూటికి తొంభై ఏడు సార్లు ఫెయిలై ఇంటికెళ్తాడు! అదే 50 రౌండ్లు పెట్టి, 13 కరెక్ట్ అయితే పాస్ అనండి. గుడ్డిగా 13 రావడం దాదాపు వెయ్యిలో ఒకటే, కష్టం ఏం తగ్గలేదు, కానీ ఈయన పాసయ్యే చాన్స్ ఇప్పుడు నూటికి డెబ్భై ఏడు దాకా ఉంది. డబ్బు అదే, మనిషి అదే, మారింది రౌండ్ల సంఖ్య, పాస్ మార్కు, అంతే. అందుకే ఎవరైనా చాలెంజ్ అనగానే ప్రైజ్ ఎన్ని లక్షలు అని కాదు, ఎన్ని రౌండ్లు, ఎన్ని కరెక్ట్ కావాలి అని అడగండి.

రౌండ్లు తక్కువైతే ఏమవుతుందో 2004లో చూశాం. ప్రైజ్ మనీ లేని టెస్ట్ అది, నతాషా డెమ్కినా అనే రష్యన్ అమ్మాయి, మనుషుల ఒంట్లోపలి జబ్బులు కనిపిస్తాయని చెప్పేది. న్యూయార్క్‌లో ఏడుగురిని కూర్చోబెట్టి, ఆరు సమస్యలు, ఏడోదిగా "ఏ సమస్యా లేదు" అనేది ఇచ్చి, ఏది ఎవరిదో జత కలపమన్నారు. ఐదు కరెక్ట్ అయితే పాస్, నాలుగు వచ్చాయి, ఫెయిల్ అన్నారు. నోబెల్ వచ్చిన బ్రయాన్ జోసెఫ్‌సన్ ఇది అన్యాయం అని గొడవ చేశాడు. లెక్క వేస్తే నాలుగు లేదా ఎక్కువ గుడ్డిగా కలిసే చాన్స్ 55లో ఒకటి, ఐదు లేదా ఎక్కువ అయితే 229లో ఒకటి. గీత ముందే గీశారు, ఆమె దాటలేదు, అది నిజమే. కానీ నా అభిప్రాయం అడిగితే, ఏడుగురితో చేసిన టెస్ట్ ఎటూ తేల్చదు, ఐదు వచ్చినా నేను నమ్మేదాన్ని కాదు.

ఇంకా బలహీనమైన క్లెయిమ్స్ ఉన్నాయి. గాంజ్‌ఫెల్డ్ అనే ప్రయోగాల్లో టెలిపతీ, అంటే ఒకరి మనసులోది ఇంకొకరికి అందడం, ఉందంటారు, అవతలివాళ్లు చూస్తున్న బొమ్మని నాలుగు బొమ్మల్లోంచి గుర్తుపట్టాలి, ఊరికే 25 శాతం రావాలి, 32 దాకా వచ్చిందని పారాసైకాలజిస్టులు చెప్తారు, దాని మీద పెద్ద వివాదమే ఉంది. నిజంగా 32 ఉందనుకున్నా, వెయ్యిలో ఒకటి గీత దాటాలంటే నా లెక్కలో దాదాపు 600 సెషన్లు కావాలి, ఒక్కోటి అరగంట పైనే. పది లక్షల్లో ఒకటి అంటే వెయ్యి దాటిపోతుంది. ప్రైజ్ చాలెంజ్‌లో అది అయ్యే పని కాదు. కాబట్టి "ఎవడూ గెలవలేదు" అన్న మాట వీళ్ల గురించి ఏమీ చెప్పదు, నేను వీళ్లని నమ్మకపోయినా సరే.

[టైమర్ చూపించాలి] టైమ్ అయిపోతోంది, మిగతావి స్పీడ్‌గా చెప్పేస్తా.

జడ్జిలున్న చాలెంజ్ పెట్టకూడదు. 1922లో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక ఆత్మలతో మాట్లాడేవాళ్లకి 2,500 డాలర్ల ప్రైజ్ పెట్టి ఐదుగురితో కమిటీ వేసింది, మేజీషియన్ హూడినీ అందులో ఒకడు. 1924లో బోస్టన్‌లో మార్జరీ అనే ఆవిడ్ని పరీక్షిస్తుంటే, ఆవిడ్ని కూర్చోబెట్టిన పెట్టెలో మడత స్కేలు దొరికింది. ఆవిడే తెచ్చుకుందని హూడినీ, ఆయనే పెట్టాడని ఆవిడ తరఫున మాట్లాడే ఆత్మ! ప్రైజ్ ఇవ్వలేదు, కమిటీలో ఒకాయన మాత్రం ఆవిడ వైపే నిలబడ్డాడు. డ్రమ్ములో నీళ్లున్నాయా లేవా అనేదానికి జడ్జి అక్కర్లేదు, మూత తీస్తే చాలు.

మన దగ్గర, కేరళలో పుట్టిన హేతువాది అబ్రహాం కోవూర్ 1963లో శ్రీలంక నుంచి లక్ష రూపాయల సవాల్ విసిరారు, కవర్లో సీల్ చేసిన నోటు నంబర్ చదవమని, ఇలా ఒక లిస్టు. అందులో నిప్పుల మీద నడవమని కాదు, అర నిమిషం కదలకుండా నిలబడమని రాశారు, ఎందుకంటే గుండం తొక్కడం మామూలు మనుషులూ చేస్తారు, విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు చేసి చూపించారు. తెలివైన లిస్టే, కానీ పనులు ఆయనే నిర్ణయించారు, "నా శక్తి అది కాదు" అని ఎవరైనా పక్కకి తప్పుకోవచ్చు. 2023లో నాగపూర్‌లో మూఢనమ్మకాల మీద పోరాడే శ్యామ్ మానవ్, బాగేశ్వర్ ధామ్ బాబా ధీరేంద్ర శాస్త్రికి 30 లక్షల సవాల్ చేసినప్పుడూ అంతే, ఎక్కడ, ఎవరి షరతుల మీద అనే దగ్గరే ఆగిపోయింది, టెస్ట్ జరగనే లేదు. జనం సొమ్ముతో వెలిగిపోయేవాళ్లకి ప్రైజ్ మనీ ఒక లెక్క కాదు, వచ్చి కూర్చునేది మన పాయింట్ చూసే ఆయనలాంటివాళ్లే. రెండువైపులా సంతకాలైన కాగితం కనిపించకపోతే దాన్ని టెస్ట్ అనకండి, ఆ క్లిప్పులు షేర్ చెయ్యకండి.

ప్రైజ్ లేకుండా కూడా చెయ్యొచ్చు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ వాళ్లు పుణెలో 2008లో జ్యోతిష్యుల్ని పిలిచారు, బాగా చదివే పిల్లల జాతకాలు, మానసిక వైకల్యం ఉన్న పిల్లల జాతకాలు కలిపి ఒక్కొక్కరికి నలభై ఇచ్చి ఏవి ఎవరివో విడదీయమన్నారు, 27 మంది జవాబులు పంపితే సగటున 46 శాతం కరెక్ట్, బొమ్మా బొరుసా వేసినదానికంటే మెరుగేం కాదు. అంతమంది, అన్ని జాతకాలు కాబట్టి ఆ లెక్క మీద నాకు నమ్మకం. బోరు పాయింట్ల మీద కూడా మన జిల్లాల్లో ఇలాంటిది ఎవరైనా చెయ్యాలి, పడినవీ పడనివీ అన్నీ రాసి, కాయతో చూసినవి ఎన్ని, జియాలజిస్ట్ చూసినవి ఎన్ని, ఎవరూ చూడకుండా వేసినవి ఎన్ని అని. మీ ఊళ్లో అలాంటి లెక్క ఎవరి దగ్గరైనా ఉంటే నాకు పంపండి, ఫెయిలైన బోర్లు కూడా కలిపి.